గిడియోన్ గారి మూడు పనుల మిషను

మేడ్చల్‌లో ఎవరింట్లోనైనా గేటు విరిగితే వెల్డింగు చేసేవాణ్ని పిలుస్తారు. గిడియోన్ మాత్రం వెల్డింగు మిషను కొంటానన్నాడు. చెప్పు తెగితే తోళ్ళ కార్ఖానా పెట్టే రకమని అతని అత్త ఎలీషమ్మ పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. అప్పుడు ఎవరూ వినిపించుకోలేదు.

విరిగింది గేటంతా కూడా కాదు, కింది మడతబందు ఒక్కటే.

గిడియోన్ దుండిగల్ దగ్గర ఒక ఇంజినీరింగు కాలేజీలో గుమాస్తా. ఫీజు రసీదుల మీద ముద్ర గుద్దడం అతని పని. పూలతో పాటు నారకూ వాసన అబ్బినట్టు, ఇంజినీర్ల మధ్య తిరిగి తిరిగి తనకూ ఇంజినీరింగు అబ్బిందని అతని నమ్మకం. ఇంట్లో బల్బు మార్చేది మాత్రం ఇప్పటికీ భార్య ఝాన్సీయే.

"గండిమైసమ్మ కాడ లింగం ఉన్నడు గదయ్యా. ఫోన్ జేస్తే అరగంటల అతికిచ్చి పోతడు," అన్నది ఝాన్సీ.

"ఇయ్యాల గేటు, రేపు కిటికీ గ్రిల్లు, ఎల్లుండి నీళ్ళ ట్యాంకు స్టాండు. ఎన్నిసార్లు పిలుస్తవ్ లింగాన్ని? మనింట్లనే మిషిన్ ఉంటే పరేషానే ఉండదు."

"మనింట్ల కుట్టు మిషిన్ ఉన్నది. నీ అంగీ గుండీలు ఎవలు కుడ్తున్నరు?"

మిషను కొనాలంటే ముందు దానికి చోటు చూడాలి కాబట్టి గిడియోన్ ఇంటి వెనక రేకుల షెడ్డు మీద పడ్డాడు. ఆ షెడ్డు ఝాన్సీ నాటుకోళ్ళది. ఒక ఆదివారం పొద్దున కోళ్ళను మెట్ల కిందికి తోలి, షెడ్డు కడిగి, తలుపు మీద 'వర్క్‌షాపు' అని సుద్దతో రాసుకున్నాడు. లోపల మాత్రం ఒక స్టూలు తప్ప ఏమీ లేదు. ఆ స్టూలు మీద కూర్చుని ఫోను చూసేవాడు.

గేటును ఝాన్సీ తన పాత చున్నీతో స్తంభానికి కట్టింది. చున్నీ ముడి వీధికుక్కలకు ఒక లెక్కా? వారం తిరక్కుండా ఒక పెట్ట పోయింది. ఆ కోళ్ళు ఝాన్సీకి సరదా కాదు. ఆమె చేతి ఖర్చు అవే, వాడకట్టులో ఆమె పరపతి అవే. పైగా ఆ ఇంట్లో ఆమె మాట వినే జీవాలు కూడా అవే.

"ఇగో, ఇను," అన్నది ఆ రోజు, ఈకలు ఊడ్చి పారబోస్తూ. "నీ చేత్తోని ఒక్క అతుకు పెట్టి చూపియ్యి, షెడ్డు నీదే. పెట్టకపోతే నా కోళ్ళు మళ్ళ లోపలికి."

"ఒక్క అతుకేందే, గేటే కొత్తగ జేస్త!" అన్నాడు గిడియోన్.

ఇక మిషను ఎంపిక మొదలైంది. తొలకరికి మొదలైన ఎంపిక స్వెట్టర్లు బయటికి తీసే రోజులొచ్చినా తేలలేదు. వాడకట్టు వాళ్ళు అతనికి 'సెలక్షన్ సారు' అని పేరు పెట్టారు. అది మర్యాద అనుకున్నాడు.

"సూడు ఝాన్సీ," అనేవాడు అన్నం దగ్గర. "వెల్డింగు మూడు తీర్లు. కడ్డీతోని అతికేది ఒకటి, తీగతోని అతికేది ఒకటి, గ్యాసు పెట్టి సన్నగ అతికేది ఒకటి. మూడిటికి మూడు మిషిన్లు కొంటే పిచ్చోడంటరు. మూడు ఒక్కదాంట్లనే ఉంటే దాన్ని మల్టీ ప్రాసెస్ అంటరు."

"నీకు ఎన్ని తీర్లు వస్తయి?"

"మిషిన్ రానీ, అయ్యే వస్తయి."

"ఒక్కటి రానోనికి ఒకటైతేంది, మూడైతేంది?"

"రేపు అల్యూమినియం అతకాల్సొస్తే?"

"మనింట్ల అల్యూమినియం అంటే నా అన్నం గిన్నె ఒక్కటే. దాని జోలికొచ్చినవనుకో, ఆ దినం అన్నముండదు."

ఫోనులో ఎవడో గడ్డపు తెల్లాయన తన షెడ్డులో ఇనుమును వెన్నముద్దలా అతికిస్తుంటే, గిడియోన్ చేతిలో ముద్ద ఎండిపోయేదాకా చూసి, "అబ్బ! ఏం అతుకు!" అని మురిసిపోయేవాడు. వెనక మెట్ల కింద ఝాన్సీ కోళ్ళు చలికి ముడుచుకుని కూర్చునేవి.

మేడ్చల్‌లో మిషన్లు అమ్మే చక్రపాణి మొదట్లో ఇతనికి ఛాయ్ తెప్పించాడు. తర్వాత మంచినీళ్ళిచ్చాడు. ఆ తర్వాత దూరం నుంచి చూడగానే దుకాణంలో వెనక గదిలోకి పోయేవాడు. ఒకరోజు పాపం తప్పించుకోలేకపోయాడు.

"డ్యూటీ సైకిల్ ఎంత దీనిది?" అన్నాడు గిడియోన్. "అంటే, పది నిమిషాలల్ల ఎన్ని నిమిషాలు ఆగకుంట పనిజేస్తది?"

"మిషిన్‌ది నేను చెప్త సార్," అన్నాడు చక్రపాణి. "మీది ఎంతనో మీరు చెప్పుండ్రి."

గిడియోన్‌కు ఆ మాట అర్థం కాలేదు. అర్థమై ఉంటే ఈ కథ అక్కడే ఆగేది.

నవంబరు చివర్లో చర్చిలో పాస్టరు గారు ప్రకటన చేశారు. వచ్చే శుక్రవారం గృహ కూడిక గిడియోన్ గారింట్లో, సంఘమంతా ప్రార్థనకు రావాలి అని.

"సంఘమంతా చున్నీ ముడి ఇప్పుకుంట ఇంట్లకొస్తరా?" అన్నది ఝాన్సీ ఇంటికొచ్చి.

ఆ మర్నాడే గిడియోన్ మిషను కొన్నాడు. అన్ని నెలలు అన్ని లెక్కలు చూసి, చివరికి ఎర్ర రంగు బాగుందని కొన్నాడు. వెలుగు పడగానే దానంతటదే అద్దం నల్లబడే, ముఖమంతా కప్పే టోపీ కూడా కొన్నాడు. గ్యాసు బండ మాత్రం కొనలేదు, దాని సంగతే గుర్తు లేదు. తీగ పనికీ గ్యాసు కావాలట, అది లేక మూడు పనుల్లో రెండు మూలపడ్డాయి. అల్యూమినియం సంగతి అడిగితే, "దానికి వేరే మిషిన్ సార్," అన్నాడు చక్రపాణి, డబ్బులు గల్లాలో వేసుకున్నాక. మిగిలింది కడ్డీతో అతికే పని ఒక్కటే. లింగం దగ్గరున్న డొక్కు మిషను చేసేదీ అదే.

గురువారం ఝాన్సీ వాళ్ళమ్మ ఎలీషమ్మను కూడికకు తీసుకురావడానికి శామీర్‌పేట బస్సెక్కింది. గిడియోన్ సెలవు పెట్టి, టోపీ పెట్టుకుని గేటు ముందు కూర్చున్నాడు. కడ్డీ తగిలించాడు. కడ్డీ ఇనుముకు అతుక్కుపోయింది. పీకాడు. మళ్ళీ తగిలించాడు. మళ్ళీ అతుక్కుంది. ఈసారి పీకితే గేటే ఊగింది. కోపంతో మిషను మీద కరెంటు పెంచే మర కుడి చివరిదాకా తిప్పాడు. విరిగిన కింది బందు విరిగినట్టే ఉంది. కడ్డీ జారి తగిలి, నిక్షేపంలా ఉన్న పై బందుకు బొక్క పడి, గేటు మొత్తం అతని ఒళ్ళో వాలింది.

గేటు కిందినుంచే ఫోను చేశాడు.

"లింగం, జల్దీ రా. మా ఇంటామె వచ్చేలోపల రావాలె. వచ్చినట్టు ఎవలికీ చెప్పకు."

లింగం తన డొక్కు మిషనును ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి, రెండు బందులూ అతికించేశాడు. తెప్పించిన ఛాయ్ ఇంకా వేడిగానే ఉంది. ఏ పని ముగిసినా అతుకు మీద పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకోవడం అతని అలవాటు. ఇక్కడా పెట్టాడు. గిడియోన్ చూడలేదు. అప్పుడతను ముఖానికి మసి పూసుకునే పనిలో ఉన్నాడు.

సాయంత్రం తల్లీకూతుళ్ళు దిగారు. గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఝాన్సీ వంగి చూసింది. సిలువ బొమ్మ ఉన్న ఇంటి గేటుకు, కింది బందు మీద, చక్కగా పసుపూ కుంకుమా. మొగుడి వైపు చూసింది. మసి ముఖం, నెత్తిన టోపీ, చేతిలో కడ్డీ.

"నువ్వే జేసినవా?"

"మరెవలు జేస్తరు?"

"మస్తు జేసినవ్," అన్నది ఝాన్సీ.

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె మెచ్చుకున్నది అదే మొదటిసారి. బుద్ధున్నవాడైతే అక్కడే భయపడేవాడు. గిడియోన్ పొంగిపోయాడు.

ఆ పొంగు శుక్రవారానికీ చల్లారలేదు. కూడికలో పాటలయ్యాక, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అని పాస్టరు గారు అనడమే ఆలస్యం, లేచి నిలబడ్డాడు.

"దేవునికి స్తోత్రం! మీరందరు ఇయ్యాల లోపలికొచ్చిన గేటు ఇరిగిపోయి ఉండె. మనుషుల మీద ఆధారపడొద్దని ప్రభువు నాతోని మాట్లాడిండు. నా చేతులకే పనితనమిచ్చిండు. ఈ చేతులతోనే అతికిన!"

"ఆమెన్!" అన్నారందరూ. ఎలీషమ్మ మాత్రం కూతురి ముఖం చూసింది.

ఝాన్సీ కొంగు తల మీదికి లాక్కుని లేచింది.

"అయ్యగారూ, నాదొక మనవి. చర్చి మీద పెట్టే క్రిస్మస్ నక్షత్రం నిరుడు గాలికి ఇరిగింది గదా. మా ఆయన కొత్తది జేస్తడు. మిషిన్ చర్చి కాడికే తెస్తడు. ఆదివారం ఆరాధనయినంక అందరి ముందల జేస్తడు. నలుగురు సూసి నేర్సుకుంటరు."

"స్తోత్రం!" అన్నారు పాస్టరు గారు. "గిడియోన్ బ్రదర్, దేవుడు మిమ్మల్ని లేపిండు!"

లేపిన దేవుడు కూర్చోబెడతాడేమోనని గిడియోన్ చుట్టూ చూశాడు. సాక్ష్యం కాగానే నోట్లో పెట్టుకున్న సమోసా వల్ల కాదనలేకపోయాడు.

శనివారం మళ్ళీ లింగానికి ఫోను.

"లింగం, ఒక ఉపాయముంది. ఆ టోపీ పెట్టుకుంటే ముఖం కనపడదు. నువ్వు నా అంగీ తొడుక్కొని..."

"ముఖం సంగతి సరే సార్," అన్నాడు లింగం. "మీ పొట్ట నేనేడికెల్లి తేవాలె?"

రాత్రి అన్నాల వేళకు గిడియోన్‌కు నడుము నొప్పి వచ్చింది.

"అయ్యో! అయ్యగారికి ఫోన్ జేస్త. వచ్చి చెయ్యిబెట్టి ప్రార్థన జేస్తడు," అన్నది ఝాన్సీ ఫోను అందుకుంటూ. నొప్పి అప్పటికప్పుడే తగ్గింది.

ఆదివారం ఆరాధన ముగిసింది. చర్చి ఆవరణలో ఇనుప బెంచీ ఒకటి వేశారు. దాని మీద గిడియోన్ ఇనుప పట్టీలు నక్షత్రం ఆకారంలో పేర్చాడు. చుట్టూ సంఘం. టోపీ దించి, కడ్డీ తగిలించాడు. టప్‌మని చర్చిలో కరెంటు పోయింది. మైకులో ప్రకటన చెబుతున్న పాస్టరు గారి మాట సగంలో తెగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరో వెళ్ళి ఫ్యూజు వేశారు. మళ్ళీ తగిలించాడు, మళ్ళీ పోయింది. మూడోసారి నిప్పురవ్వలు ఎగిరి ముందు వరస చెల్లాచెదురైంది. ఎలీషమ్మ "ఏసయ్యా!" అని కుర్చీ ఎత్తుకుని మరీ పరుగెత్తింది.

పొగ తగ్గాక గిడియోన్ టోపీ ఎత్తి చూశాడు. కళ్ళు మెరిశాయి.

"అతికింది! అయ్యగారూ, అతికింది!"

రెండు చేతులా నక్షత్రం పట్టుకుని పైకెత్తాడు. నక్షత్రంతో పాటు బెంచీ కూడా లేచింది.

పట్టీకీ పట్టీకీ మధ్య ఒక్కటీ అతకలేదు, అవి జలజలా రాలిపోయాయి. మిగిలిన ఒక్క పట్టీ బెంచీకి అతుక్కుపోయింది. ఇద్దరు మగవాళ్ళు బెంచీని పట్టుకున్నారు, ఇద్దరు పట్టీని లాగారు. ఊహూఁ. గిడియోన్ జన్మలో గట్టిగా పడిన అతుకు అదొక్కటే.

"నక్షత్రానికి కాళ్ళెందుకు అల్లుడా?" అన్నది దూరం నుంచి ఎలీషమ్మ. "నడిచి ఎక్కుతదా పైకి?"

ఝాన్సీ చర్చి గేటు వైపు తిరిగి కేకేసింది. "తమ్మీ లింగం! ఛాయ్ తాగుడయిందా? రా ఇగ!"

ఎదురుగా టీ బండి దగ్గర నుంచి లింగం లేచాడు. ట్రాలీ ఆటోలో డొక్కు మిషను సిద్ధంగా ఉంది. ఆమె పొద్దున్నే పిలిపించి కూర్చోబెట్టిందని గిడియోన్‌కు అప్పుడు తెలిసింది. లింగం బెంచీ నుంచి పట్టీని కోసి, నక్షత్రాన్ని చకచకా అతికించి నిలబెట్టాడు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. లింగం చెమట తుడుచుకుని, అలవాటు కొద్దీ పనిముట్ల డబ్బాలోంచి కుంకుమ పొట్లం తీశాడు.

"ఇక్కడొద్దు తమ్మీ, ఇది చర్చి," అన్నది ఝాన్సీ మెత్తగా. "మొన్న మా గేటుకు పెట్టినవ్ గదా, సాలు."

శుక్రవారం సాక్ష్యం గుర్తొచ్చి అందరి కళ్ళూ లింగం మీది నుంచి గిడియోన్ మీదికి తిరిగాయి. అతను గబుక్కున టోపీ దించుకున్నాడు. ఆ టోపీతో అతను చేసుకున్న మంచి పని అదొక్కటే.

"గిడియోన్ బ్రదర్," అన్నారు పాస్టరు గారు గొంతు సవరించుకుని, "వచ్చే శుక్రవారం సాక్ష్యం మళ్ళొకసారి చెప్తరా?"

ఇంటికొచ్చాక ఝాన్సీ షెడ్డు తలుపు మీది సుద్దరాత తుడిచేసింది. గిడియోన్ అడ్డం నిలబడ్డాడు.

"ఒక్క అతుకు పెడితే షెడ్డు నాదే అన్నవ్. పెట్టిన గదా! బెంచీకి పెట్టిన! నలుగురు గుంజినా రాలే!"

"నిజమే, గట్టిగనే పెట్టినవ్," అన్నది ఝాన్సీ. "ఏదీ, చూపియ్యి?"

చూపించడానికేముంది, లింగం కోసేశాడు. గిడియోన్ పక్కకు జరిగాడు. కోళ్ళు అతని కాళ్ళ మధ్య నుంచి ఒకదాని వెనక ఒకటి లోపలికి నడిచాయి.

క్రిస్మస్ దాటాక ఒక పొద్దున ధైర్యం కూడగట్టుకుని, మిషనును చూసి వద్దామని గిడియోన్ షెడ్డులోకి పోయాడు. వెంటనే బయటికొచ్చాడు.

"ఏందే ఇది? ఆ మిషిన్ సంగతేం జేసినవ్?"

"నేనేం జేయలే," అన్నది ఝాన్సీ నూకలు చల్లుతూ. "మూడు పన్లు జేస్తదన్నవ్ గదా, జేస్తాంది. దాని మీద పుంజు పండుకుంటాంది. దాని ఎనక పెట్టలు గుడ్లు పెడ్తున్నయి. నీ నల్లద్దం టోపీల బూడిద పెట్ట పొదుగుతాంది. దాన్ని కదిలియ్యకు, పొడుస్తది."

గిడియోన్ లోపలికి వంగి, మిషను వెనక నుంచి గుడ్లు ఏరుకొచ్చి భార్య గిన్నెలో వేశాడు.