గుండీల పందెం, మేడమీది గది

పెళ్లయి రెండు నెలలైనా కొత్త కోడలికి తలుపున్న గది దొరకలేదు. కొత్త జంట పడక హాల్లో, పరదా వెనకాల. వంటింట్లోకి వెళ్లేవాళ్లంతా ఆ పరదా పక్కనుంచి మర్యాదగా దగ్గుకుంటూ వెళ్లేవారు. తలుపూ గడియా ఉన్న మేడమీది గది, గడియారాలు బాగుచేసే చినమామయ్యది. ముప్పై ఏళ్లుగా అందులో ఉంటున్న బ్రహ్మచారిని ఖాళీ చెయ్యమనడానికి ఎవరికీ నోరు రాలేదు.

అందుకని ఓ ఆదివారం పొద్దున మామగారు సరదాగా అన్నట్టు ఓ మాట అన్నారు. తనూ, అత్తగారూ, చినమామయ్యా, కోడలూ నలుగురూ పోకర్ ఆడాలి, పందెం అత్తగారి కుట్టుడబ్బాలోని గుండీలు, మధ్యాహ్నం పన్నెండుకి ఎక్కువ గుండీలున్నవాళ్లదే మేడగది. చినమామయ్య సరేనన్నాడు.

కోడలు కాలేజీలో స్టాటిస్టిక్స్ చదివింది. పేకముక్కలది ఏముంది, పందెం వేసే తీరును బట్టి మనిషిని చదవాలంది. చకచకా వేస్తే చేతిలో మంచి ముక్కలున్నట్టు, తడుముకుంటే ఉత్తిదన్నట్టు. ముత్యాల్లా మెరిసే చొక్కా గుండీలను ముచ్చటగా పేర్చుకుని, భర్తకు నోటుపుస్తకం ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది.

మొదటి ఆటలోనే అత్తగారు పది కోటు గుండీలు ముందుకు తోసేశారు. తడుముకోలేదు కాబట్టి కోడలు ముక్కలు పడేసి ఆ ఆట వదులుకుంది. తర్వాత మామగారు ముక్కలు సరిగ్గా చూడకుండానే పదిహేను వేశారు. కోడలు మళ్లీ పడేసింది. చినమామయ్యకు మాత్రం పడేయడమంటే ఎదుటివాళ్లను అవమానించినట్టు. ఎవరెంత వేస్తే తనూ అంత వేసేవాడు. చివర్లో అత్తగారో మామగారో ముక్కలు బోర్లించేసి, గుండీలన్నీ ఆయన ముందుకే తోసేవారు.

"ఈసారి ఉండవే తల్లీ," అన్నారు అత్తగారు, ఇంకో పిడికెడు గుండీలు వేస్తూ.

"రమ్మంటున్నారంటే వలే," అని కోడలు భర్త చెవిలో గొణిగింది. అతను 'వల' అని రాసుకున్నాడు.

పదకొండున్నరకు అత్తగారి డబ్బా, మామగారి జేబులు ఖాళీ. చినమామయ్య ముందు గుండీల గుట్ట, కోడలి ముందు దానికి సగం. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా ఆమెకు మూడు రాజులు, రెండు తొమ్మిదులు వచ్చాయి. అంత మంచి చెయ్యి పొద్దుట్నుంచి ఎవరికీ రాలేదు. చినమామయ్య ఆవులించి, రెండు చేతులతో గుట్టంతా ముందుకు తోశాడు.

అత్తగారు బల్ల కింద గిల్లారు. భర్త పుస్తకం మూసేసి, "రాజులే, ఉండిపో," అన్నాడు.

"పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా తనంతట తాను పెంచని మనిషండీ. చేతిలో ఏదో పెద్దదే ఉంది," అని కోడలు పడేసింది.

చినమామయ్య తన ముక్కలు తిప్పాడు. రెండు మూడ్లు. "కునుకు వేళయిందని పెట్టేశానమ్మా," అని లేచి మేడెక్కాడు.

అత్తగారు ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకున్నారు. "నీ చేతిలో ఓడిపోవాలని మేమిద్దరం పొద్దుట్నుంచి చావలేక చచ్చాం. రెండుసార్లు ఆసులొస్తే పారేసుకున్నాను."

"ముందే చెప్పొచ్చు కదా అత్తయ్యా?"

"నీ మొహంలో ఏదీ దాగదు తల్లీ. మీ చినమామయ్య కూడా చదివేయగలడు."

మేడమీద తలుపు మూసుకుంది. గడియ చాలా చక్కగా పడింది. పరదా వెనక్కి చేరిన కొత్త జంటకు స్పష్టంగా వినబడింది.