జాలికుంటపల్లిలో మంత్రిగారి నిమ్మళం

ఇకమీదట ఈ చుట్టుపక్కల ఎవరూ తొందరపడనక్కర్లేదని విశ్రాంతి శాఖా మంత్రి అశ్వత్థప్పగారు హిందూపురంలో ప్రకటించారు. ప్రకటన సగంలో ఉండగానే ధర్మవరంలో పెళ్లికి టైమవుతోందని పీఏ చెవిలో చెప్పాడు. మిగతా సగం మంత్రిగారు కారెక్కుతూ ప్రకటించారు.

విశ్రాంతి శాఖ గురించి తెలియనివాళ్లకు ఒక మాట. మంత్రివర్గంలో శాఖలన్నీ పంచేశాక అశ్వత్థప్పగారు మిగిలిపోయారు. అంతటి మనిషిని ఊరికే కూర్చోబెట్టడం బాగుండదని, ఊరికే కూర్చోవడానికే ఒక శాఖ పెట్టి ఆయన చేతికిచ్చారు. ఆయన కష్టజీవి. ఏడాది తిరక్కుండానే ‘నిమ్మళం’ పథకం తయారుచేశారు. బెంగుళూరు ట్రాఫిక్‌లో నలిగిపోతున్న జనం లేపాక్షి బసవన్నను చూసి, పెనుకొండ కోట చూసి, ఆ తర్వాత ఒక పల్లెకు వెళ్లి రెండు రోజులు ఏ పనీ చేయకుండా కూర్చుంటారు. డబ్బిచ్చి మరీ కూర్చుంటారు. మొట్టమొదట మంత్రిగారే స్వయంగా కూర్చుని చూపిస్తారు.

అందుకు తమ ఊరు జాలికుంటపల్లి ఎంపికైందని తెలిసి హనుమంతు పొంగిపోయాడు. అతను ఆ ఊళ్లో పార్టీ నాయకుడు. పార్టీలో అతని ప్రత్యేకత చప్పట్లు. వేదిక మీది నాయకుడి మాట ఎక్కడ ముగుస్తుందో ముందే పసిగట్టి, ఆఖరి ముక్క నోట్లోంచి రాకముందే మొదటి చప్పట కొట్టగలడు. అతను కొడితే ఊరు కొడుతుంది. ఆ విద్య కోసం పెనుకొండ సభలకు కూడా అతన్ని జీపులో పిలిపించుకునేవాళ్లు.

ఎన్నికలప్పుడు అతను ఊరికి ఒకే ఒక్క మాట ఇచ్చాడు. ఆదాయం లేదని ఎత్తేసిన పెనుకొండ బస్సును తిరిగి తెప్పిస్తానన్నాడు. నిజానికి ఆ బస్సు అందరికంటే అతని ఇంటికే ఎక్కువ అవసరం. కూతురు నిఖిత పెనుకొండలో డిగ్రీ చదువుతోంది. హైవే దాకా నడిచి, ఆటో దొరికించుకుని చేరేసరికి పొద్దుటి క్లాసులు అయిపోతున్నాయి. అటెండెన్సు ఇంకొంచెం తగ్గినా పరీక్ష రాయనిచ్చేది లేదని కాలేజీవాళ్లు చెప్పేశారు.

“నాయనా, మంత్రి వచ్చినప్పుడన్నా బస్సు మాట అడుగుతావా?” అంది నిఖిత.

“అడిగేదేముండాది పాపా! ఆయప్ప మన మనిషి. కండ్లతో చూసినాడంటే అడక్కముందే ఇస్తాడు.”

“రెండు చప్పట్ల నడుమ కొంచెం సందు చూసుకోని అడుగురా,” అంది అతని తల్లి బాలనాగమ్మ, నెత్తి మీది ఉలవ మోపు దించుతూ.

ముందుగా కన్సల్టెంటు సింధూర బెంగుళూరు నుంచి ల్యాప్‌టాప్‌తో వచ్చింది. ఊరి నడుమ నిలబడి చాలాసేపు చెవులు రిక్కించి వింది.

“అమేజింగ్! ఒక్క హారన్ లేదు. ఈ సైలెన్స్ ఎలా మెయింటెయిన్ చేస్తున్నారు?”

“బస్సు పీకేసినారు మేడమ్,” అన్నాడు హనుమంతు.

“గుడ్ డెసిషన్. మరి షాపులు?”

“రెండుండె. బస్సు పోయినాక బేరాల్లేక మూసేసినారు.”

“ఫోన్ సిగ్నల్?”

“గుట్టెక్కితే వస్తాది. కొంచెం పైకెక్కల్ల.”

సింధూరకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్ని సౌకర్యాలు ఒకేచోట ఉన్న పల్లెను తానింతవరకు చూడలేదంది. పెదవి విప్పి బస్సు అడగబోయిన హనుమంతు, ఊరికి దక్కుతున్న గౌరవం చూసి ఆ మాట మింగేశాడు.

ఏర్పాట్లు ముమ్మరంగా సాగాయి. మంత్రిగారు కూర్చోవడానికి ఊళ్లో ఉన్న నులక మంచాలు చాలినంత పాతగా కనిపించలేదని, ధర్మవరంలో పాతగా కనిపించే కొత్త మంచం చేయించారు. సూర్యాస్తమయం చూడటానికి ఒక అధికారి, గాలి పీల్చడానికి ఒక అధికారి బాధ్యత తీసుకున్నారు. ‘ఏమీ చేయకుండా ఉండుట’ అనే అంశం పెద్దది కాబట్టి దానికి ముగ్గురితో కమిటీ వేశారు. ఆ ముగ్గురికి తిండి తినే తీరిక కూడా దొరకలేదు.

తీరా మంత్రిగారు వచ్చే పొద్దున హనుమంతు ఊరి ముందుకు వెళ్లి చూశాడు. తారురోడ్డు నిండా కోసిన ఉలవ మొక్కలు పరిచి ఉన్నాయి. ఆ ప్రాంతంలో అది కొత్తేమీ కాదు. కోసిన ఉలవను రోడ్డు మీద పరిస్తే పోయే బండ్ల చక్రాల కింద కాయలు పగిలి గింజ రాలుతుంది. బస్సు తిరిగినన్నాళ్లు ఊరి నూర్పిడంతా బస్సే చేసిపెట్టింది. అది పోయాక ఆడవాళ్లు కట్టెలతో కొట్టీ కొట్టీ చేతులు బొబ్బలెక్కించుకుంటున్నారు.

“అమ్మా! ఏం పని ఇది? మంత్రి వచ్చే దావ!”

“అందుకే పరిచింది. ఆయప్ప చక్రాల మీద రాడా? గాల్లో వస్తాండాడా?” అంది బాలనాగమ్మ.

హనుమంతు తలపట్టుకున్నాడు గానీ సింధూర పరుగెత్తుకొచ్చింది. “తీయొద్దు! సో ఆథెంటిక్!” అంది.

కాన్వాయ్ వచ్చింది. వేగం పథకానికి విరుద్ధం కాబట్టి నత్తనడకన వచ్చింది. మొత్తం బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఉలవ మీదుగా వచ్చాయి. కాయలు చిటపటమని పేలాయి. మంత్రిగారు అద్దం దించి చూసి, చలించిపోయి, కారు దిగారు.

“పూలు చల్లినవాళ్లను చూశాను. కష్టపడి పండించిన పంటనే నా దారిలో పరిచిన ఊరిని ఈరోజే చూస్తున్నాను!”

హనుమంతు చప్పట్లు కొట్టాడు. ఊరు కొట్టింది. వెనకాల బాలనాగమ్మ, నలుగురు ఆడవాళ్లు కొంగు బిగించి ఉలవను గబగబా తిరగేస్తున్నారు. మంత్రిగారు తిరిగి వెళ్లేటప్పుడు రెండోవైపు కూడా నలగాలి కదా. ఆయన అది కూడా గమనించి, తన దారిని ఎంత శ్రద్ధగా సర్దుతున్నారో చూడమని పీఏకు చూపించారు.

ఆ తర్వాత మంత్రిగారు మంచమ్మీద కూర్చుని ఏమీ చేయలేదు. ఆయన ఎంత చక్కగా ఏమీ చేయలేదో అన్ని కెమెరాలూ తీసుకున్నాయి. కాస్త సందు దొరగ్గానే బాలనాగమ్మ చేతులు దులుపుకుంటూ ముందుకొచ్చింది.

“నాయనా, మాకేం వద్దు. పిల్లోళ్ల సదువు పోతాండాది. ఆ పెనుకొండ బస్సొకటి కావల్ల.”

మంత్రిగారు లేచి నిలబడ్డారు. మైకు దానంతటదే వచ్చింది.

“అమ్మా! బస్సొస్తే ఏమొస్తుంది? పొగొస్తుంది. హారనొస్తుంది. వాటి వెనకే తొందరొస్తుంది. ఈ నిమ్మళం కోసం బెంగుళూరు మొత్తం ఏడుస్తోంది. అందుకే మాటిస్తున్నాను. నేను మంత్రిగా ఉన్నన్నాళ్లు, ఈ ఊరికి, ఆ బస్సును...”

మాట ముగింపుకొచ్చిందని హనుమంతు పసిగట్టాడు. చేతులు వాటంతటవే లేచాయి.

“...రానివ్వను!”

చప్పట్లతో ఊరు దద్దరిల్లింది. ఆ మోత ఆగాక గానీ తాను దేనికి కొట్టాడో హనుమంతు బుర్రకెక్కలేదు. అరుగు దగ్గర నిఖిత నిలబడి ఉంది. తండ్రి ముఖం వైపు కాదు, చేతుల వైపు చూస్తోంది. అంత సిగ్గు అతనికి బతుకులో ఎప్పుడూ కలగలేదు. ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియక వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

రెండు రోజుల నిమ్మళం మధ్యాహ్నానికే ముగిసింది. పెనుకొండలో ఏదో రిబ్బన్ కత్తిరించాలట. కాన్వాయ్‌లో సగం బండ్లు కాన్వాయ్ పెద్దగా కనపడటానికి వచ్చినవే. వాటిలో డ్రైవరు తప్ప నరమానవుడు లేడు. ఆఖరి బండి డ్రైవరు నాగరాజు, భుజాన సంచితో నడుస్తున్న నిఖిత పక్కన ఆపాడు.

“యాడికి పోతాండావు పాపా?”

“పెనుకొండకన్నా. కాలేజీకి.”

“ఎక్కు. ఊరికేనే పోతాండా.”

నిఖిత ఎక్కింది. అది చూసి పాలక్యాను పట్టుకుని సిద్ధమ్మ ఎక్కింది. ముందు బండ్లు కూడా నిండాయి. మంత్రిగారి కారు వెనక జాలికుంటపల్లి బారులు తీరి, నిమ్మళంగా ఉలవ తొక్కుకుంటూ పెనుకొండ చేరింది. నిఖితకు మధ్యాహ్నం క్లాసులన్నీ అందాయి. బాలనాగమ్మ సాయంకాలానికల్లా ఉలవలు తూర్పారబట్టి మూటగట్టింది.

నాలుగు రోజులకు పీఏ కబురు పంపితే, హనుమంతు గుట్టెక్కి ఫోను చేశాడు.

“సార్ మీ స్వాగతం మరిచిపోలేకపోతున్నారయ్యా. ఊరికేం కావాలో కోరుకోండి. బస్సు తప్ప,” అన్నాడు పీఏ.

హనుమంతు కాసేపు ఆలోచించాడు. ఆ పని అతనికి అలవాటు లేదు.

“సారే మళ్లా రావల్ల సార్.”

“మళ్లీనా? ఎప్పుడు?”

“రోజూ.”

అవతల పీఏ గొంతు గద్గదమైంది. “ఇరవయ్యేళ్లుగా చూస్తున్నా. రోజూ రమ్మని అడిగిన ఊరు ఇదొక్కటే. సార్ వింటే ఏడ్చేస్తారు. ఇంకా చెప్పు, రాసుకుంటున్నా.”

“పొద్దున కాలేజీ టయానికి ఈడ బయలుదేరేట్ల రావల్ల. సాయంకాలం ఇంకొక తూరి. బండ్లన్నీ రావల్ల. కందులు కూడా కోతకొచ్చినాయి.”

“సార్‌కు రోజూ కుదురుతుందో లేదో...”

“సార్‌కు కుదరకున్నా ఏం కాదులే సార్, బండ్లొస్తే చాలు,” అన్నాడు హనుమంతు. “ఆదివారం మాత్రం ఎవరూ రావద్దు. ఆ పొద్దు కాలేజీ లేదు.”