పిస్టను రెండుసార్లు పైకొస్తుంది

పదకొండేళ్ళుగా రంగరాజు మాస్టరు పదో తరగతి పిల్లలకు ఇంజను పాఠం చెబుతున్నాడు. సిలిండరు, పిస్టను, రెండు వాల్వులు కళ్ళు మూసుకుని నల్లబల్ల మీద గీయగలడు. గీయడమే గాని ఏనాడూ ఇంజను మూత విప్పి లోపలికి తొంగిచూసిన పాపాన పోలేదు. మొన్న వేసవిలో బంగారుపాళ్యం మామిడికాయల వ్యాపారి దగ్గర పాత బుల్లెట్టు కొన్నాక ఆ అవసరం వచ్చిపడింది. బండి కదిలితే చాలు, ఇంజను టకటకకు తిరుపతి వీధులన్నీ తలలు తిప్పి చూస్తున్నాయి.

ఆ బుధవారం చిత్తూరు నుంచి ఇన్‌స్పెక్టరు తిరుమలయ్య వస్తున్నారు. పది గంటలకు బస్టాండులో ఆయన్ని బండెక్కించుకుని బడికి తేవాలనీ, పదకొండున్నరకు ఆయన ఎదుట ఇంజను పాఠమే చెప్పాలనీ హెడ్మాస్టరు ఆజ్ఞ. రంగరాజు ప్రమోషను ఆ పాఠం మీదే ఆధారపడి ఉంది. ఇంజను మాస్టరు బండే టకటకలాడితే పరువేం గాను? టకటక పోవాలంటే వాల్వుల సందు సరిచేయాలనీ, అదీ ఇంజను చల్లగా ఉన్నప్పుడేననీ పుస్తకంలో ఉంది. కాబట్టి అయిదింటికి లేవడం, పావుగంటలో పని ముగించడం, స్నానం, ఇడ్లీ, బస్టాండు. ఇదీ పథకం.

అయిదింటికి భార్య కుముదవల్లిని లేపి పెరట్లో బండి పక్కన కూర్చోబెట్టాడు. ప్లగ్గు విప్పి ఆ బొక్కలోకి చీపురుపుల్ల దించాడు.

"నేను వెనక చక్రం తిప్పతా ఉంటాను. పుల్ల పైకొస్తే పిస్టను పైకొచ్చినట్టు. అప్పుడు ఈ రెండు కడ్డీలూ వేళ్ళతో తిప్పి సూడు. వాల్వుల్ని లేపేది ఇవే. వదులుగా తిరగల్ల."

"పైకొచ్చిందండీ. రెండూ తిరగతా ఉండాయి."

రంగరాజు మురిసిపోయి, శబ్దం పోయేంతగా కొంచెం బిగించాడు. సరిపోయిందో లేదో చూద్దామని చక్రం మళ్ళీ తిప్పాడు.

"పైకొచ్చిందండీ. ఒకటి బిగుసుకోని ఉండాది."

"ఇప్పుడే గదా తిరగతా ఉందంటివి!"

"అది ఇందాకటి పైకి. ఇది ఈ పైకి."

"పైకి ఎన్నుంటాయే? పైకంటే పైకే!"

వదులు చేశాడు. తిప్పితే ఈసారి కడ్డీ గలగలలాడింది. బిగించాడు. తిప్పితే కదలనంది. ఏడు గంటలయ్యేసరికి తను బిగిస్తున్నాడో వదులు చేస్తున్నాడో అతనికే తెలియలేదు.

"ఒక సుట్టు వదులు, ఇంకో సుట్టు బిగువు. ఒకటి ఇడిసి ఒకటి వస్తా ఉండాది, సూడండి," అంది కుముదవల్లి.

"పదకొండేండ్లు పాఠం చెప్పింది నేనా, నువ్వా?"

ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. దోషం కడ్డీలది కాదు, లోపల వాటిని లేపే పళ్ళ చక్రాలదేనని రంగరాజు తేల్చుకున్నాడు. పక్క మూత విప్పితే నూనె పెరడంతా పారింది. లోపల రెండు చక్రాలు కనబడ్డాయి. తిరిగి ఎక్కడ కలపాలో తెలియడానికి గుడ్డతో పైపైన తుడిచి సుద్దముక్కతో గీతలు గీసి ఊడదీశాడు. వాటిని పళ్ళెంలో పెట్టి, కాలవలోకి దొర్లిన నట్టు కోసం పుల్ల పట్టుకుని వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి పళ్ళెం ఖాళీ. పూజగదిలో గంట మోగుతోంది.

చూపు సరిగా ఆనని తల్లి రంగనాయకి దేవుళ్ళ ముందు కూర్చుని ఉంది. దేవుళ్ళ మధ్య రెండు పళ్ళ చక్రాలు నామాలు దిద్దుకుని, తులసి దళాలు పెట్టుకుని తళతళలాడుతున్నాయి.

"పెరుమాళ్ళ చక్రాన్ని మసిలో పడేస్తావేమిరా రంగా? అదీ జతగా! చింతపండేసి తోమేదానికి నా సేతులు పడిపోయినాయి."

"అమ్మా, అవి బండివమ్మా!"

"యాడివైతేనేమి? వెయ్యి నామాలూ అయ్యేదాకా ముట్టుకోవాకు."

నామాలు ముగిసేసరికి తొమ్మిదిన్నర. చక్రాలు చేతికొచ్చాయి. సుద్దగీతలు చింతపండుతో పాటే పోయాయి. రంగరాజు అయోమయంగా అటు తిప్పి ఇటు తిప్పి, ఉజ్జాయింపుగా అమర్చి, పది దాటిన సంగతే మరిచి, మూతా ప్లగ్గూ బిగించి, నూనె పోసి కిక్కు కొట్టాడు. నాలుగో కిక్కుకు సైలెన్సరులోంచి ఢామ్మని పేలింది. మసి మబ్బులా లేచింది. మబ్బు విడిపోయాక, పెరటి వాకిట్లో తెల్లచొక్కా మీద నల్లచుక్కలతో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. బస్టాండులో అరగంట ఎదురుచూసి, ఇల్లు కనుక్కుని రిక్షాలో వచ్చిన తిరుమలయ్య!

"ఏమప్పా మెకానిక్కూ, రంగరాజు మాస్టరు లేడా?"

నూనె మొహంతో నేను రంగరాజునని చెప్పడానికి నోరు రాలేదు.

"లేరు సార్. బడికి పోయినారు."

సరిగ్గా అప్పుడే కుముదవల్లి బయటికొచ్చింది. "ఏమండీ" అనబోయి, పెద్దమనిషిని చూసి, భర్త కళ్ళసైగ చూసి, సంగతి గ్రహించింది. పొద్దుటి నుంచి దాచుకున్నదంతా చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు.

"ఏమప్పా మెకానిక్కూ, నా మాట ఇనవు గదా! అత్త తోమినంక ఆ చక్రాల మింద ఇనుములో పొడిచిన గుర్తులు కనబడినాయి. ఒక చోట చుక్క, ఒక చోట గీత. చుక్కకి ఎదురు చుక్క, గీతకి ఎదురు గీత పెట్టాల. ముగ్గేసే బిడ్డకైనా తెలుస్తాది."

రంగరాజు మళ్ళీ మూత విప్పాడు. లోపలి చక్రం తుడిస్తే దాని మీదా గుర్తుంది. చుక్కలు కలిశాయి, గీతలు కలిశాయి.

"ఇంగ ఆ పిస్టను రెండుసార్లు పైకొస్తాది. ఒకసారి పొగ బయటికి తోసేదానికి, అప్పుడు ఒక వాల్వు తెరిచుంటాది, కడ్డీ బిగిసి ఉంటాది. ఇంకోసారి గాలిని అదిమేదానికి, అప్పుడు రెండూ మూసుంటాయి. ఆ పైకి వచ్చినప్పుడే సందు సరిచేయాల. కడ్డీ ఏలితో తిరగల్ల, పైకీ కిందికీ ఆడరాదు."

"ఇదంతా నీకెవరు చెప్పినారమ్మా?" అన్నారు తిరుమలయ్య.

"ఎవరూ చెప్పలేదు సార్. మాస్టరు వల్లించే పాఠం రోజూ ఇనేదే. కడ్డీలు పొద్దున్నుంచి పట్టుకోని కూసోనుండానే!"

పావుగంటలో సందు కూడా సరిపోయి, బండి ఒక్క కిక్కుకు లేచింది. టకటక లేదు. తిరుమలయ్య గడియారం చూసుకుని వెనక సీటెక్కారు. "నన్ను బళ్ళో దింపప్పా. ఆ మాస్టరు సంగతి తేల్చాల."

బడి వాకిట్లో హెడ్మాస్టరు ఎదురొచ్చాడు. "రంగరాజూ! ఏమప్పా ఆ అవతారం?"

తిరుమలయ్య మెల్లగా బండి దిగారు. "నువ్వా రంగరాజు?"

"అవును సార్."

"మెకానిక్కు?"

"ఆయనా నేనే సార్."

"పోయి పాఠం చెప్పు."

రంగరాజు అదే మొహంతో తరగతిలోకి వెళ్ళాడు. బొమ్మ గీయబోయి ఆగాడు. పిస్టను రెండుసార్లు ఎందుకు పైకొస్తుందో, ఏ పైకి ఏ వాల్వు తెరుచుకుంటుందో, కుముదవల్లి చెప్పిన మాటలే వరసగా చెప్పాడు. పదకొండేళ్ళలో మొదటిసారి వెనక బెంచీలోంచి ఎవరో ప్రశ్న అడిగారు. ఇంకా ఆశ్చర్యం, దానికి అతని దగ్గర జవాబు ఉంది.

సాయంత్రం తిరుమలయ్య తనిఖీ పుస్తకంలో, "పాఠం బాగున్నది. ప్రమోషనుకు అభ్యంతరం లేదు. అయితే ఈ పాఠం ఘనత ఉపాధ్యాయుని భార్యకు చెందును" అని రాసి సంతకం పెట్టారు.

హెడ్మాస్టరు ఆ వాక్యం మూడుసార్లు చదివి, ఆమె మన బళ్ళో ఏ సబ్జెక్టు చెబుతోందని రంగరాజును అడిగాడు.