మబ్బులను తరమని విమానం

ఆకాశం కూడా మండల కార్యాలయం పరిధిలోకే వస్తుంది. (సూర్యుణ్ణి మాత్రం జిల్లాకు వదిలేశారు.) గుత్తి దగ్గర లారీ బాడీలు కట్టే ఎర్రిస్వామికి ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది.

ఇంజను లేని విమానం సొంతంగా కట్టి, పోటీలో ఎగరాలన్నది ఆయన పిచ్చి. మొదటిది వెదురుబొంగులు, యూరియా సంచులతో చేస్తే ఎగరలేదు, దొర్లింది. రెండోది ఎగిరింది గానీ, దిగడం చేతకాక పక్క చేని తిప్పయ్య గడ్డివామిలో దూరింది. మూడోది మెట్టనేల వేడిగాలి పట్టుకుని కొండెత్తు లేచి, గద్దలా తిరిగి, బుద్ధిగా దిగింది. ఎర్రిస్వామి రెక్క పట్టుకుని ఏడ్చేశాడు. పై ఆదివారమే బళ్లారిలో పోటీ.

అయితే ఆ పూటే, ఊరి మీదికొచ్చిన ఒక్కగానొక్క మబ్బు కురవకుండా పోయింది. గాలిమరలు మబ్బుల్ని తరుముతాయని ఊళ్లో పాత అనుమానం. ఇప్పుడది విమానం మీదికి మళ్లింది. తిప్పయ్య ఫిర్యాదు చేశాడు.

మేఘ సంరక్షణాధికారి జయరాం దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. (ఆ విభాగం పుట్టాక వచ్చిన మొదటి ఫిర్యాదు మరి.) విమానాన్ని షెడ్డులో పెట్టి తాళం వేయించాడు.

"ఇది మబ్బుల్ని తరమదని రుజువు చెయ్యప్పా, వదుల్తా."

"ఎట్ల సార్?"

"మబ్బు కింద ఎగిరించు. మబ్బు పోకుంటే నువ్వు గెలిచినట్టే."

"మబ్బు యాడుండాది సార్?"

"అది నువ్వే చూసుకోవల్ల. మనది కరువు మండలం."

ఎర్రిస్వామి మెడ పట్టేసేదాకా ఆకాశం చూశాడు.

"పోటీ పోతే పోనీ. ఆడ శెనక్కాయ ఎండిపోతాంది," అంది భార్య రామాంజినమ్మ.

"అట్లనాకుమే. నా బతుకంతా ఆ షెడ్డులోనే ఉండాది."

ఆదివారం తెల్లారేసరికి మబ్బు కమ్మింది. ఎర్రిస్వామి జయరాం ఇంటికి పరుగెత్తాడు.

"మబ్బొచ్చింది సార్, తాళం తీయండి."

"ఈ పొద్దు సెలవు గదప్పా," అని జయరాం అంటుండగానే వాన దంచికొట్టింది. తన శెనక్కాయ చేను కూడా తడుస్తోందని సంతోషం, బళ్లారి పోయిందని దుఃఖం. ఎర్రిస్వామి రెండూ పడుతూ వానలోనే నిలబడ్డాడు.

సోమవారం విచారణ ముగిసింది. విమానానికి తాళం పడింది, వాన పడింది, కనుక నేరం రుజువైంది. ఎగరకుండా సహకరించినందుకు ఎర్రిస్వామికి శాలువా కప్పారు. కప్పింది తిప్పయ్యే.

"ఇంగొకటి కట్టన్నా," అన్నాడు ప్రేమగా. "రెండిటికీ తాళమేస్తే చెరువు నిండి మరవ మీద పొంగి పారుతాది."