పోత ఇనుము తెలిసినవాడు

ఆ రోజు పొద్దున్న ఫిట్టరు పెట్టుకున్న పని చాలా చిన్నది. పాత సామాన్ల కొట్టుకు వెళ్లాలి, మఫిన్లు కాల్చే పోత ఇనుప ట్రే ఒకటి ఎంచి తేవాలి, ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని పేపర్లో బొమ్మలు చూసుకోవాలి.

"సాయంత్రం కాఫీ కొట్టు ఓనరమ్మ వస్తానంది," అని భార్య మరీ మరీ చెప్పింది. "నా మఫిన్లు నచ్చితే రోజూ పొద్దున్న తన కొట్టుకి నన్నే చేసిమ్మంటుంది. మన రేకు ట్రేలో అడుగు మాడుతోంది, నడుమ పచ్చిగా ఉంటోంది. పాత పోత ఇనుముదైతే వేడి సమంగా పడుతుంది. చూసి తీసుకోండి. తెలియకపోతే అడగండి."

ఆ చివరి మాట ఫిట్టరుకు గుచ్చుకుంది. ఉద్యోగమంతా లేతు మిషను ముందు నిలబడి ఇనుము కోసినవాడు, ఇనుము గురించి ఇంకొకర్ని అడగడమా! నిజానికి ఆయన దేని గురించీ ఎవర్నీ అడిగే మనిషి కాదు. మాట ఖర్చయ్యే చోట తల ఊపి గట్టెక్కుతాడు. ఉద్యోగం అలాగే వెళ్లదీశాడు, పెళ్లి కూడా అలాగే కుదిరింది.

కొట్టతను మూడు ట్రేలు తెచ్చి బల్ల మీద పడేశాడు. ఫిట్టరు మొదటిదాన్ని వేలికి తగిలించుకుని తాళంచెవితో కొట్టాడు. టప్‌మంది. అంటే కంటికి కనపడని పగులేదో ఉందన్నమాట. పక్కన పెట్టాడు. రెండోది గంటలా ఖంగుమంది. లోపల నల్లగా, నున్నగా నిగనిగలాడుతోంది.

"ఇది పట్టుకుపో బాబాయ్, కళ్లు మూసుకుని," అన్నాడు కొట్టతను. "ఎంత పల్చగా పోత పోశారో చూడు. ఇప్పుడు ఎవడికొస్తుంది ఆ పనితనం? మఫిన్లకి దీని తర్వాతే ఏదైనా."

ఫిట్టరు దాన్ని చేత్తో ఎగరేసి చూసి పెదవి విరిచాడు. "ఇందులో ఇనుమేదీ?"

మూడోది రెండు చేతులా ఎత్తితే గానీ లేవలేదు. గుంటలు గ్లాసుల్లా లోతుగా ఉన్నాయి. ఒకదానికొకటి ఎడంగా, గట్టి చట్రంలో బిగించినట్టున్నాయి. అడుగు ఎటూ ఊగడం లేదు. కొట్టి చూస్తే వీధి చివరిదాకా మోగింది. వస్తువంటే ఇదీ, అనుకున్నాడు ఫిట్టరు.

"అది మఫిన్లది కాదు బాబాయ్, పాపోవర్లది. పాపోవర్లు తెలుసుగా?"

తెలియదు. ఫిట్టరు తల ఊపాడు.

"తెలిసే తీసుకుంటున్నావుగా?"

మళ్లీ ఊపాడు. దారి పొడుగునా ఆ ట్రేని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ, ఎంత బరువుంటే అంత మంచి సరుకని తనకు తానే చెప్పుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య గుడ్లు తేవడానికి వెళ్లింది. ట్రే లోపలంతా నల్లటి పూత. ఇన్నేళ్ల మురికి! భార్య వచ్చేలోగా శుభ్రం చేసి పెడదామని, ఫిట్టరు డ్రిల్లుకి తీగ బ్రష్షు తగిలించి, డాబా మీద కూర్చుని ఒక్కో గుంటా గీకేశాడు. లోపలి ఇనుము వెండిలా బయటపడింది. ఆయనకు తన పాత రోజులు గుర్తొచ్చి ఛాతీ పొంగింది.

భార్య వచ్చింది, చూసింది. గుడ్ల సంచీ కింద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఆ నలుపేమైంది?"

"తీసేశాను. మురికి."

"మురికా! ఏళ్ల తరబడి నూనె పట్టించి, కాల్చి, కాల్చి తెచ్చిన పూత అండీ అది. అదుంటేనే పిండి అంటుకోకుండా ఊడొస్తుంది. అయినా ఇదేంటి, ఇంత లోతుగా ఉంది? మఫిన్ పిండి ఇందులో పోస్తే పైన మాడి లోపల జావలా ఉంటుంది. కొట్టతను చెప్పలేదా?"

చెప్పాడు. ఆ సంగతి ఫిట్టరు చెప్పలేదు.

ఆవిడ కాసేపు నుదురు కొట్టుకుని, అంతలోనే కొంగు దోపింది. "పోనీండి. ఇందులో పాపోవర్లే చేస్తాను. గుడ్లూ పాలూ మైదా పల్చగా గిలక్కొట్టి పోస్తే టోపీల్లా పొంగుతాయి. మీరు దీనికి కాస్త నూనె రాసి, తుడిచేసి, ఓవెన్లో పెట్టండి. కాస్తే!"

ఫిట్టరు ఆలోచించాడు. గేరుబాక్సుకు ఎవడైనా తుడిచేసేంత నూనె పోస్తాడా? ప్రతి గుంటనూ ధారగా తడిపి, బోర్లించి, ఓవెన్లో పెట్టి మంట పెంచాడు.

నూనె కారి అడుగున పడి మాడింది. పొగకు వంటిల్లు నల్లబడింది, తర్వాత హాలు, తర్వాత మెట్లు. భార్య దగ్గుతూనే ట్రే బయటికి లాగి తుడిచి, పిండి పోసి మళ్లీ లోపల పెట్టేసింది. "ఇంక అవి లేచేదాకా ఎవరూ తలుపు తియ్యకూడదు. చల్లగాలి తగిలితే చప్పబడిపోతాయి," అని, ముక్కుకు గుడ్డ కట్టుకుని రెండో వాయికి పిండి కలపసాగింది. అడుగున పడిన నూనె మాత్రం పొగ మానలేదు.

ఫిట్టరు గాలి కోసం బాల్కనీలోకి వచ్చాడు. కింది వాటా నర్సమ్మ తల పైకెత్తింది.

"ఏంటి పెద్దాయనా ఆ పొగ? కాలుతోందా ఏమైనా?"

కాలుతోంది కదా. తల ఊపాడు.

"అక్కయ్య లోపలే ఉందా?"

ఊపాడు.

"బయటికి రాలేకపోతోందా?"

ఓవెన్ వదిలి ఎలా వస్తుంది? ఇంకాస్త గట్టిగా ఊపాడు. మూడూ నిజాలే. నర్సమ్మ ఫోన్ కోసం లోపలికి పరిగెత్తింది.

ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చేసరికి వీధంతా పోగైంది. అప్పుడే రిక్షా దిగిన కాఫీ కొట్టు ఓనరమ్మ ఆ గుంపు వెనక మునివేళ్ల మీద నిలబడింది. ఒక ఫైరుమాన్ లోపలికి దూసుకెళ్లి, ఏం జరుగుతోందో చెప్పనివ్వకుండా ఫిట్టరు భార్యను భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

"దించు నాయనా! పిండి! పిండి ఒలుకుతుంది!" అని ఆవిడ పిండి గిన్నెను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, మెట్ల మలుపులో వెనక్కి తిరిగి కేక పెట్టింది. "ఏవండీ! ఓవెన్ తలుపు తియ్యనివ్వకండి!"

పైన ఆఫీసరు సరిగ్గా ఆ తలుపు మీదే చెయ్యి వేయబోతున్నాడు. ఫిట్టరు అడ్డంగా వచ్చి చేతులు చాపాడు.

"జరగండి తాతగారూ. లోపలేముందో చూడాలి."

ఇది తల ఊపితే తేలే వ్యవహారం కాదు. ఫిట్టరు గొంతు సవరించుకున్నాడు.

"తియ్యనివ్వను. నన్ను నీళ్లతో కొట్టినా తియ్యనివ్వను. ఆవిడ ఇన్నాళ్లూ నాకు వండింది, మా అమ్మకి వండింది, మా ఇంటికొచ్చిన దారినపోయేవాళ్లకి కూడా వండింది. నాకిది కావాలని ఎప్పుడూ అనలేదు. ఇవాళ మొదటిసారి ఒక ట్రే అడిగింది. తేలికది మంచిదంటే వినకుండా బరువుది తెచ్చాను. నల్లది మంచిదైతే తెల్లగా చేశాను. కాస్త నూనె అంటే డబ్బా ఒంపాను. ఇంక నేను పాడు చెయ్యకుండా మిగిలింది ఈ తలుపొక్కటే. ఇల్లు కాలితే కాలనీ."

ఫైరు వాళ్లు గొట్టం దించేశారు. ఒకడు హెల్మెట్ కూడా తీశాడు. ఆఫీసరు మాత్రం కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"అది కాదు తాతగారూ... మేం వచ్చీ రాగానే గ్యాసు కట్టేశాం. మీరు మొదలుపెట్టకముందే ఓవెన్ ఆరిపోయింది."

తలుపు తీశారు. పాపోవర్లు సగం లేచి, మనసు మార్చుకున్నట్టు కూలబడి ఉన్నాయి. పూత లేని ఇనుముకు అతుక్కుని ఊడి రాకపోతే ఆఫీసరు తన ఇనుప కడ్డీతో పెకలించాడు. కిందికి తెచ్చి ఓనరమ్మ చేతిలో పెడితే ఆవిడ కొరికింది, లాగింది, ఇంకో వైపు నుంచి ప్రయత్నించింది.

"చెప్పు తోలులా ఉంది," అంది.

ఫిట్టరు భార్య గిన్నె పట్టుకునే నిలబడి ఉంది. కళ్లలో నీళ్లు పొగవో కావో తెలియడం లేదు.

"రేపట్నుంచి నాకు మఫిన్లు పంపగలవా?" అని అడిగింది ఓనరమ్మ.

"ఇది తిన్నాక కూడానా?"

"ఇదివరకు చేసినావిడ చినుకు పడితే రాదు, తుమ్మొస్తే రాదు. నిన్ను మంటల్లోంచి మోసుకొస్తుంటే గిన్నెలో చుక్క ఒలకనివ్వలేదు. నాకు కావలసింది ఆ చెయ్యి. రుచిదేముందమ్మా, మంచి ట్రే కొనుక్కుంటే అదే వస్తుంది."

మంటలు లేనేలేవని ఎవరూ అనలేదు. నర్సమ్మ అసలే అనలేదు.

అందరూ వెళ్లాక, భార్య పొగ చూరిన గోడ తుడుస్తూ ఫిట్టరు వైపు చూసింది.

"ఓవెన్ దగ్గర మీరు నా గురించి ఏదో పెద్దగా మాట్లాడారట. ఆఫీసరు చెప్పాడు. నేను కింద ఉండిపోయాను. ఇంకొక్కసారి చెప్పరూ?"

ఫిట్టరు మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"ఉన్న మాటలన్నీ అక్కడే అయిపోయాయి," అన్నాడు.