ప్రేమమ్మగారి విశ్రాంతి వారం

సోమవారం పొద్దున్నే సీమోను వేసుకున్న పథకం చాలా చిన్నది. శనివారం గుడివాడలో పోటీ అయ్యేదాకా భార్య ప్రేమమ్మ చేత చెంబెడు నీళ్లు కూడా ఎత్తించకూడదు. ఆర్టీసీ డిపోలో జీవితమంతా గుమస్తాగిరీ వెలగబెట్టి రిటైరైన తనకి ఇదీ ఒక పనేనా అనుకున్నాడు.

ప్రేమమ్మ మచిలీపట్నంలో లెక్కల టీచరు. యాభై దాటాక మోకాళ్ల నొప్పులకని డాక్టరు జిమ్‌కి పంపిస్తే, అక్కడున్న ఇనప కడ్డీని సరదాకి ఎత్తి చూసింది. ఆ తర్వాత మోకాళ్ల సంగతి ఆవిడా ఎత్తలేదు, డాక్టరూ అడగలేదు. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో పెద్దవయసు వాళ్ల విభాగంలో బందరు తరఫున నిలబడే స్థాయికి వచ్చేసింది. పోయినేడు పామిడిముక్కల ఇందిరాదేవి చేతిలో వెంట్రుకవాసిలో ఓడిపోయింది. ఆ పైన నెలరోజులపాటు ఆ ఇంట్లో సీమోను గట్టిగా దగ్గడానికి కూడా జంకాడు. ఈసారి ఇందిరాదేవిని గెలవాలి. ప్రేమమ్మకి ఈ భూమ్మీద ప్రస్తుతం ఉన్న కోరిక అదొక్కటే. ఆవిడ బరువెత్తుతుంటే సీమోనుకి గర్వంగానూ ఉంటుంది, భయంగానూ ఉంటుంది. రెండూ పైకి చెప్పడు.

కోచ్ భవిత ఈ పోటీ కోసమే మూడు నెలల ప్రణాళిక వేసింది. మొదట పెద్ద పెద్ద బరువులు నెమ్మదిగా ఎత్తడం, అది బలానికి. తర్వాత తక్కువ బరువుల్ని రివ్వున లేపడం, అది వేగానికి. ఆఖరి వారంలో మాత్రం ఏమీ లేదు.

"ఏమీ లేకపోవడమేంటమ్మా?" అని అడిగాడు సీమోను.

"పిండి రుబ్బడం అయిపోయింది అంకుల్. ఇప్పుడు అది పులవాలి. మనం గరిటె పెట్టి కెలక్కూడదు" అంది భవిత. "ఆంటీ బరువు మాత్రం అరవై తొమ్మిది కిలోలు దాటనివ్వకండి. దాటితే పై కేటగిరీలో వేసేస్తారు. ఇందిరాదేవిగారితో తలపడడమే ఉండదు."

అలా సోమవారం ప్రేమమ్మ సెలవు పెట్టి వరండాలో పడక్కుర్చీ ఎక్కింది. సీమోను వాకిలి ఊడ్చి, మంచినీళ్ల క్యాను భుజానికెత్తుకుని లోపలికి తెచ్చి, గ్యాసు బండ వంటింట్లోకి దొర్లించాడు. పక్కింటి వెంకాయమ్మ ప్రహరీ మీంచి ఇదంతా చూసింది. సీమోను చేతిలో చీపురు చూడడం ఆవిడకి అదే మొదటిసారి.

"వదినకి ఒంట్లో బాగాలేదా అన్నయ్యగారూ?"

"భేషుగ్గా ఉందమ్మా. శనివారం బరువుల పోటీ కదా, అందుకని విశ్రాంతి."

వెంకాయమ్మ అతని వంక జాలిగా చూసింది. "పోటీ ఉంటే ప్రాక్టీసు చేస్తారు గానీ పడుకుంటారా?" అని, గొంతు తగ్గించి, "ఇంతకీ డాక్టరేమన్నాడు?" అంది.

సీమోను పిండి రుబ్బడం, పులవడం అన్నీ వివరంగా చెప్పాడు. వివరించిన కొద్దీ వెంకాయమ్మ కళ్లలో నీళ్లు ఎక్కువయ్యాయి. పాపం, మనిషి తట్టుకోలేక పిండీ గరిటే అంటున్నాడు. గంట తిరక్కుండానే ఆవిడ రొట్టె, కొబ్బరినీళ్లు, నేతి ఇడ్లీలు పట్టుకొచ్చి, ప్రేమమ్మ చివరి ముక్క మింగేదాకా ఎదురుగా కూర్చుంది.

మంగళవారానికి బజారంతా తెలిసిపోయింది. జబ్బు పేరు ఎవరికీ తెలియకపోవడంతో అది చాలా పెద్ద జబ్బని అందరికీ అర్థమైపోయింది. వచ్చినవాళ్లు ఒట్టి చేతులతో రాలేదు. బందరు లడ్డూలు, హల్వా, బత్తాయిలు, డబ్బా పాలపొడి. సీమోను వాళ్లందరికీ కాఫీలు పెట్టాడు, గ్లాసులు కడిగాడు, చర్చి నుంచి కుర్చీలు మోసుకొచ్చాడు. బుధవారం ఉపవాస ప్రార్థన ముగించుకుని స్త్రీల సంఘాన్ని వెంటబెట్టుకుని పాస్టరుగారే వచ్చారు.

"ఈ సహోదరిని నీ బలమైన హస్తంతో లేవనెత్తు ప్రభువా" అని ఆయన ప్రార్థించారు.

ఎత్తడమన్న మాట వినగానే ప్రేమమ్మకి ఇనప కడ్డీ గుర్తొచ్చి "ఆమేన్" అని వీధి చివరికి వినపడేలా అంది. స్త్రీల సంఘం మొత్తం కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఏమండీ, అంత ఆప్యాయంగా పెడుతుంటే వద్దని ఎలా అంటాను?" అంది ప్రేమమ్మ, వాళ్లు వెళ్లాక తూకం యంత్రం మీద నిలబడి. ముల్లు అరవై తొమ్మిదిని ఆనుకుని ఉంది. సీమోను మిగిలిన లడ్డూలన్నీ అటక మీద దాచాడు.

గురువారం ప్రేమమ్మ అన్నగారు యాకోబు నాగాయలంక నుంచి కుటుంబంతో సహా ఆటోలో దిగాడు. చెల్లెలు కోలుకునేదాకా ఉండాలని బియ్యం బస్తా, పరుపులు, బుట్టెడు పీతలు తెచ్చుకున్నాడు. తొంభై కిలోలకి తగ్గని మనిషి, మనసు మాత్రం వెన్న. చెల్లెల్ని చూడగానే గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. ఆటోలోంచి బస్తా, పరుపులు, చివరికి గుమ్మంలోంచి యాకోబుని కూడా సీమోనే లోపలికి చేర్చాడు. అక్కణ్నుంచి అతనికి నడవడమన్నది లేదు, పరుగే. పాలకి పరుగు, పెరుగుకి పరుగు, మంచాలు మేడ మీదికి, కుర్చీలు కిందికి.

భోజనాల దగ్గర యాకోబు పీతల పులుసు చెల్లెలి కంచంలో మూడోసారి వంచబోతుంటే సీమోను ఉండబట్టలేక కంచం లాగేశాడు.

"మా చెల్లెలు కడుపునిండా తినడం నీకు ఇష్టం లేదా బావా?" అన్నాడు యాకోబు.

"అది కాదు బావా, బరువు పెరిగిపోతుంది."

"మంచాన పడ్డ మనిషికి బరువు లెక్కేంటయ్యా?"

ఆ రోజు నుంచి యాకోబు చెల్లెలి పక్కన కాపలా కూర్చుని స్వయంగా తినిపించాడు. సీమోనుని మాత్రం కంచం దరిదాపులకి రానివ్వలేదు.

శనివారం తెల్లవారుతుండగానే మొగుడూ పెళ్లాలు ఎవరికీ చెప్పకుండా కారెక్కారు. చెప్పకుండా వెళ్లారంటే పెద్దాసుపత్రికేనని వెంకాయమ్మ తేల్చింది. యాకోబు వ్యాను మాట్లాడి, ఆవిడనీ ఎక్కించుకుని, కారు వెళ్లిన గుడివాడ దారిలోనే బయల్దేరాడు.

పోటీ ఒక కళ్యాణ మండపంలో. బరువు చూసే గదిలోంచి బయటికొచ్చిన ప్రేమమ్మ ముఖం చూడగానే సీమోనుకి సంగతి అర్థమైపోయింది. అరవై తొమ్మిది దాటింది. పై కేటగిరీలో వేసేశారు. ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుంది. మూడు నెలల కష్టాన్ని తన చేతుల్లో పెడితే వారం రోజులు కాపాడలేకపోయానని సీమోనుకి ఏడుపొచ్చింది.

అప్పుడే గదిలోంచి ఇందిరాదేవి బయటికొచ్చింది. ఆవిడ ముఖం కూడా అలాగే ఉంది. వచ్చి ప్రేమమ్మ పక్కనే కూలబడింది.

"మా కోచ్ వారం రోజులు కదలొద్దన్నాడండీ" అంది ఇందిరాదేవి. "ఏదో అయిందని మా ఆడపడుచులు దిగారు. సున్నుండలతో చంపేశారు. నన్ను పై కేటగిరీలో వేశారు."

ప్రేమమ్మ ఆవిడ వంక తేరిపార చూసింది. తర్వాత లేచి చీరకొంగు దులుపుకుని, నడుముకి కట్టుకునే పట్టీ ఎక్కడుందని సీమోనుని అడిగింది. ఆ గొంతులో ఆవిడ పాత గొంతు వినపడి సీమోనుకి ప్రాణం లేచొచ్చింది.

ఆ కేటగిరీలో ఉన్నది వాళ్లిద్దరే. ఎత్తు ఎత్తుకీ పోటాపోటీగా సాగి, నేల మీంచి ఎత్తే ఆఖరి బరువు దగ్గరికి వచ్చింది. ఇందిరాదేవి తన వంతు ముగించి ముందంజలో ఉంది. ప్రేమమ్మకి మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. మధ్యలో ఇంకెవరి చెయ్యి తగిలినా అది లెక్కలోకి రాదని భవిత ముందే హెచ్చరించింది.

ప్రేమమ్మ కడ్డీ పట్టుకుంది. ఇనప చక్రాలు నేల వదిలాయి. సరిగ్గా అదే క్షణంలో గుడివాడ ఆసుపత్రులన్నీ వెతికి వెతికి, చివరికి మండపం బయట కారుని గుర్తుపట్టిన యాకోబు మండపం తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. మంచాన పడ్డ చెల్లెలు మెడనరాలు పొంగేలా అంత బరువు మోస్తూ కనిపించేసరికి ఆయనకి లోకం తలకిందులైంది.

"ఎవరైనా పట్టుకోండయ్యా, పిల్ల పడిపోతుంది" అంటూ చేతులు చాపుకుని వేదిక మీదికి ఉరికాడు.

సీమోను ఆలోచించలేదు. కుర్చీలోంచి లేవడమూ, వేదిక చేరడమూ, బావమరిదిని నడుం దగ్గర పట్టుకుని అమాంతం పైకెత్తడమూ ఒక్క ఊపులో జరిగిపోయాయి. యాకోబు కాళ్లు గాల్లో ఆడాయి. ఆయన వేళ్లు కడ్డీకి జానెడు దూరంలో ఆగిపోయాయి. ప్రేమమ్మ నిటారుగా నిలబడింది. ఎత్తు సరైనదేనని న్యాయనిర్ణేతల మూడు తెల్ల దీపాలూ వెలిగాయి. గెలిచింది.

"అంకుల్‌ది బలమూ బాగుంది, వేగమూ బాగుంది. ఎవరి దగ్గర ట్రైనింగు?" అని భవిత అడిగింది. యాకోబుని కిందికి దించిన సీమోను మాత్రం ఇంకా నిటారుగా లేవలేకపోతున్నాడు.

సోమవారానికి కూడా సీమోను మంచం మీదే ఉన్నాడు. నడుం పట్టేసి పక్కకి ఒత్తిగిలాలన్నా ప్రాణం పోతోంది. ప్రేమమ్మ నీళ్ల క్యాను భుజానికెత్తుకుని వస్తుంటే వెంకాయమ్మ ప్రహరీ మీంచి పలకరించింది.

"అన్నయ్యగారు పడుకున్నారా వదినా? ఆయనకీ పోటీ ఉందన్నమాట."

"లేదమ్మా, నిజంగానే నడుం పట్టేసింది."

"మాకు తెలియదేంటి వదినా" అని వెంకాయమ్మ నవ్వేసి లోపలికి వెళ్లిపోయింది. యాకోబు ఫోన్ చేసి, బావ బరువు పెరక్కుండా చూడమని చెల్లెలికి గట్టిగా చెప్పాడు. బజారులో ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు.

మంగళవారం పాస్టరుగారు కిటికీలోంచి తొంగిచూసి, విశ్రాంతి చెడగొట్టకూడదని ప్రార్థన కూడా చేయకుండా వెళ్లిపోయారు.