మేడ మీద నిషిద్ధ జెండా

క్యూరేటర్ మ్యూజియం మేడ మీదికి పరుగెత్తుకొచ్చేసరికే కింద వీధిలో యాభై మంది పోగయ్యారు. బట్టలారేసే తీగకి పాత అంతర్యుద్ధపు జెండా వేలాడుతోంది. దాన్ని మ్యూజియం అద్దాల పెట్టెలో తప్ప బయటెక్కడా ప్రదర్శించకూడదని పురపాలక సంఘం తీర్మానించింది నిన్న సాయంత్రమే. తప్పితే ఉద్యోగం ఊడుతుంది. ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకమల్లా ఆ పెట్టెకి కొత్త తాళం బిగించడమే. వచ్చి చూస్తే పెట్టె ఖాళీ!

ఆదరాబాదరాగా క్లిప్పు పీకాడు. ఒకటి ఊడింది, రెండోది బిగుసుకుంది. అంతదాకా ముడుచుకున్న జెండా గాలికి బారుగా విచ్చుకుని పిట్టగోడ దాటి వీధిలోకి వేలాడింది.

"ఇంకా విప్పుతున్నాడు చూడండి! మా తాతని చంపినోళ్ల గుడ్డ అది!" అని అరిచాడు చెప్పుల షాపాయన.

"మా తాత మోసిన జెండా! దించావో, ఊరుకోను!" ఎదురుగా సెలూన్ ఆయన కత్తెర ఝళిపించాడు.

క్యూరేటర్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. జెండాని పిట్టగోడ మీదికి లాగి, మడిచే తీరిక లేక దాని మీదే చతికిలబడ్డాడు. కాపలా కూర్చున్నాడని కొందరు చప్పట్లు కొట్టారు. కూర్చుంది జెండా మీదేనని తెలిశాక వాళ్లే తిట్లు లంకించుకున్నారు.

అంతలో భార్య ఫోన్. "ఏవండీ, మీరు నిరాహారదీక్షకి కూర్చున్నారట! క్యారేజీ పంపనా, మాననా?"

తీర్మానం తెచ్చిన పురపాలక చైర్‌పర్సన్ కారు దిగి, బందోబస్తుకొచ్చిన పోలీసు చేతిలోని మైకు అందుకుంది. "ఇది ఎవరి పనైనా సరే, ఇదే మైకులో పేరు చెప్తాను!" అని మైకుతో సహా మేడెక్కింది.

"మేడ తాళం ఎవరి దగ్గరుంటుందయ్యా?"

"నా దగ్గర, మేడమ్. ఇంకోటి... పాత బట్టలు బాగుచేసే పెద్దావిడ దగ్గర."

మెట్ల తలుపు తెరుచుకుంది. చేతిలో బ్రష్షుతో పెద్దావిడ వచ్చింది.

"ఏం నాయనా, నీకు కుర్చీలే కరువయ్యాయా? పురుగు పట్టిందని ఆరేస్తే దాని మీద కూర్చుంటావా? లే!"

చైర్‌పర్సన్ మొహం పాలిపోయింది. "అత్తయ్యా! మీరా?"

"నేనే. నీ తీర్మానానికి అందరికన్నా ముందు మద్దతు పలికిందీ నేనేగా! మా నాన్న కాలు పోయింది ఈ జెండా వాళ్ల వల్లే. వీధుల్లో ఎగరకూడదు, ఒప్పుకున్నా. పెట్టెలో పురుగులు కొట్టేస్తే రేపు పిల్లలకి ఏం చూపిస్తావే? పురుగుల్నా?"

క్యూరేటర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. కింద రెండు వర్గాలూ మొదటిసారి గొంతు కలిపాయి: "పేరు చెప్పాలి! పేరు చెప్పాలి!"

"మీరే చెప్తానన్నారు, మేడమ్," అన్నాడాయన ఎంతో వినయంగా.

చైర్‌పర్సన్ మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"జెండా ఆరేసింది... మా అత్తగారు."

చర్య తీసుకోమని ఆ తర్వాత ఏ వర్గమూ పట్టుబట్టలేదు.